రేకు ముక్క

శుక్రారం. నమాజుకు పోయినోళ్లు ఇంక రాలె.
రుస్తాక్ ఎండ గోడలకు ఆనుకొని కూసున్నది.
మా రూము మీద, డిష్షు గొట్టానికి
గోనెసంచి ఏలాడినట్టు కనబడ్డది.
సంచి ఊపిరి తీస్తున్నది.

"దిగు నర్సింగం, దిగు" అని షఫీకుల్ మొత్తుకుంటుండు,
చెవుల్ల సబ్బు నురుగు, నెత్తికి తువ్వాల.
బల్దియాకు ఫోను కొట్టిండట,
మందు చల్లేటోళ్లు అర్ధగంటల అస్తరట.
ఆ అర్ధగంట నాకియ్యిరా అన్న.

ఇవి పరాయివి కావు, నావే.
ఎనుక పెరట్ల, నీళ్ల ట్యాంకు నీడకు
ఖర్జూరపు మొద్దు దొలిచి నాసర్ తాత ఇచ్చిన గూడు.
వారం సంది దాంట్ల ఒక్కతీరు గలాట.
ముసలి రాణి బిడ్డకు ఇల్లు ఇడిసిపెట్టి
సగం సంసారాన్ని ఎంటేసుకొని ఎల్లింది.
తాత ముందే చెప్పిండు:
పోయేటప్పుడు కడుపు నిండ తేనె తాగుతయ్,
మూట కట్టుకున్నోళ్లు కొట్లాడరు.

నిజమే. మస్కట్ల దిగిననాడు
నేను మాత్రం ఎవ్వలతోని కొట్లాడిన?

నీళ్ల బాటిళ్ల అట్టపెట్టె ఒకటి,
కోడీక ఒకటి, పాత దిష్‌దాషా ఒకటి.
ఉత్త చెయ్యి లోపలికి పోనిచ్చిన.
ఎండబోసిన వడ్లల్ల పెట్టినట్టే ఎచ్చగున్నది,
కాకుంటే ఈ వడ్లు నడుస్తున్నయ్.

గొట్టాన్ని ఒక్కటే ఇదిలింపు.
ధబ్బున పడ్డయ్. మూతేసిన. గెలిచిన అనుకున్న.
నిమిషం కాలె, అన్నీ మళ్ల గొట్టానికే.
రాణి పడలె.
రాణి లేనిది అది ఉత్త అట్టనే.

ఎతికిన. కండ్లల్లకు చెమట.
ఒకటి బొటనేలికి కుట్టింది,
దానికి మూట దొరకలేదు కావచ్చు.
గొట్టం ఎనుక, తుప్పు వట్టిన బోల్టు తాన
ముప్పై నలభై మంది కావలి నడుమ
పొడుగు కడుపు, పొట్టి రెక్కలు, ఆయాసం.
ఈకతోని మెల్లగ, మెల్లగ, తల్లీ జరుగు.

ఇగ నేను చేసేది ఏం లేకుండె.
పెట్టె అంచుమీద కొన్ని నిలవడి
తోకలెత్తి రెక్కలాడిచ్చినయ్.
ఇగో ఇక్కడ, ఇగో ఇక్కడ.
నిమ్మకాయ కోసినట్టు ఓ వాసన.
గాలంత మడతలు పడి లోపలికి పోయింది.

బల్దియా బండి అచ్చింది.
కేరళ పిలగాడు, ఈపు మీద మందు డబ్బా.
"ఎక్కడ?" అన్నడు. అట్టపెట్టె చూపిన.
వంగి చెవి ఆనిచ్చి శానసేపు ఇన్నడు.
కాయితం మీద "ఏమీ లేవు" అని రాసుకొని పోయిండు.

మాపటికి కొత్త మొద్దుల పోసినం.
నాసర్ తాత జేబులకెళ్లి రేకు ముక్క తీసిండు,
సన్నటి సందులది.
పనోళ్లు దూరుతరు, రాణి పట్టది.
మూడు దినాలు కొట్టి ఉంచు.
తల్లి లోపల ఉంటే ఎంత దూరం పోయినా
పొద్దుగూకెటాలకు అన్నీ తిరిగస్తయ్ అన్నడు.

రేకు చేతుల వట్టుకొని నిలవడ్డ.
అర్బాబు బీరువ, రెండో అర, పచ్చ సంచి,
అండ్ల నా పాసుపోర్టు.
ఉంచితె పాపం, తీస్తె నష్టం.
మొలలు కొట్టిన.
గట్టిగనే కొట్టిన.

మొదటి రాత్రి చెవి పెడితే లోపల సన్నటి రొద.
రెండో దినం డ్యూటీల పడి మరిచిన.
మూడో దినం నసుకులనే పీకేసిన,
ఒక మొల వంగింది.

పొద్దెక్కినంక తుమ్మపూల దిక్కుకెళ్లి
ఒక్కటి అచ్చి వాలింది,
కాళ్లకు పసుపు ముద్దలు.
రేకు ఉన్న తాన ఆగింది.
అటు ఇటు తడిమింది.
లేని సందుల నుంచి
నడుము ముడుసుకొని దూరింది.